దాత డబ్బు తీసుకుంటే తలొంచుకోవాలా?

ప్రశ్న: మాస్టారికి నమస్కారమండి. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. రోజూ పంటు మీద గోదారి దాటి, అక్కణ్ణుంచి బస్సులో కాలేజీకి వెళ్తాను. బీఎస్సీ ఆనర్స్ కెమిస్ట్రీ, ఇప్పుడు మూడో ఏడు. ఇప్పటిదాకా అన్ని సెమిస్టర్లూ కలిపి 81 శాతం ఉంది. నాన్నగారు రెండెకరాలు కౌలుకి చేస్తారు, పొలం పని లేనప్పుడు కొబ్బరి దింపులకి వెళ్తారు. అమ్మ లేసు అల్లుతుంది. తమ్ముడు పదో తరగతి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కానీ ఎప్పుడు పడుతుందో తెలీదు. మా కాలేజీలో చదివి అమెరికాలో స్థిరపడిన ఒకాయన, వాళ్ల అమ్మగారి పేరు మీద ఆనర్స్ విద్యార్థులకి ఏటా 25 వేల స్కాలర్‌షిప్ పెట్టారు. దరఖాస్తులో ‘మీ కుటుంబ పరిస్థితి, మీ లక్ష్యం’ అని ఒక పేజీ రాయాలి. వస్తే దాతకి ఉత్తరం రాయాలి, సంక్రాంతికి ఆయన వచ్చినప్పుడు స్టేజీ మీద చెక్కు తీసుకోవాలి. నాన్నగారేమో ‘ఒకరి ముందు చెయ్యి చాపొద్దు, ఉన్నదాంట్లోనే చదువుదాం’ అంటున్నారు. దాతగారి చుట్టం ఒకాయన ఊళ్లో ఉన్నారు, ‘నేనొక మాట చెప్తే పని అయిపోద్ది’ అని కబురు పెట్టారు. పేదరికం గురించి రాయాలంటేనే నాకు సిగ్గుగా ఉంది. అసలు నాలుగో ఏడు చదవాలా, మూడేళ్లతో ఆపి ఎమ్మెస్సీకి వెళ్లాలా అన్నదీ తేలడం లేదు. చాలా టెన్షన్‌గా ఉందండి, ఏం చెయ్యమంటారు?
— ఒక విద్యార్థిని, కోనసీమ

జవాబు: దరఖాస్తు పెట్టమ్మా. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. నీ ఉత్తరంలో అయిదారు సంగతులు కలగలిసి ఉన్నాయి. అన్నీ తేలాకే దరఖాస్తు అనుకుంటే గడువు కాస్తా దాటిపోతుంది.

మీ నాన్నగారితో మొదలుపెడదాం. ‘చెయ్యి చాపొద్దు’ అన్న మనిషిని నేను తప్పుపట్టను. పంట చేతికొచ్చినా రాకపోయినా ఆసామికి బస్తాలు కొలిచి ఇవ్వాల్సిన కౌలు రైతు ఆయన. బాకీ ఉండటమంటే ఏమిటో మనకన్నా ఆయనకే బాగా తెలుసు. కానీ ఇందులో బాకీ లేదు. దాత ఆ డబ్బు మీ ఇంటికి ఇవ్వడం లేదు, ఆనర్స్ చదివే పిల్లల కోసమని కాలేజీకి ఇచ్చేశారు. మార్కులూ ఇంటి పరిస్థితీ చూసి ఎవరికివ్వాలో కమిటీ తేలుస్తుంది. నువ్వు వద్దంటే ఆ పాతికవేలు ఇంకో అమ్మాయికి వెళ్తాయి తప్ప దాతగారి జేబులోకి తిరిగి వెళ్లవు.

ఇంకో సంగతి కూడా నాన్నగారికి చెప్పు. మన గోదావరి జిల్లాల్లో పెద్ద చదువులు నిలబడింది చాలావరకు దాతల డబ్బు మీదే. కాకినాడ పీ.ఆర్. కాలేజీ 1884 నాటిది, దాని పేరులోనే పిఠాపురం రాజావారున్నారు. అక్కడ ప్రిన్సిపాల్‌గా చేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు తన జీతంలోంచి ఎందరో పేద పిల్లల్ని చదివించారు. కాకినాడ ప్రాంతం నుంచి రంగూన్ వెళ్లి ఓడల పనుల మీద సంపాదించిన మల్లాడి సత్యలింగం నాయకర్‌గారు ఆస్తిని ధర్మానికని వీలునామా రాసి వెళ్తే, ఆయన పేరున ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ విద్యాసంస్థలు ఈరోజుకీ నడుస్తున్నాయి. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఇప్పటి ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. ఆ విశ్వవిద్యాలయం సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. మీ కెమిస్ట్రీ లెక్చరర్లలో ఎవరో ఒకరు అక్కడ చదివే ఉంటారు, అడిగి చూడు. వాళ్లెవరూ చెయ్యి చాపినవాళ్లు అనిపించుకోలేదు. అయినా రాజుల దగ్గరున్న డబ్బు మాత్రం ఎక్కడిది, రైతులు కట్టిన శిస్తే కదా. కొంత తిరిగొచ్చిందనుకుంటే సరిపోతుంది.

అలాగని మీ నాన్నగారి జాగ్రత్త మొత్తం వదిలెయ్యమనడం లేదు. నోటి మాట మీద కౌలు చేసే రైతుకి కాగితం విలువ తుఫాను వచ్చినప్పుడు తెలుస్తుంది. చేలో నీళ్లలో నిలబడ్డది ఆయన, నష్టపరిహారం చాలాసార్లు పడేది భూమి ఎవరి పేరునుంటే వాళ్ల ఖాతాలో. స్కాలర్‌షిప్ విషయంలో కూడా నోటి మాటలతో సరిపెట్టుకోకు. షరతులు కాగితం మీద చూపించమని ఆఫీసులో అడుగు. ఇది ఒక్క ఏడాదికేనా, నాలుగో ఏడుకి కూడానా? రెండో ఏడాదికి మళ్లీ దరఖాస్తు పెట్టాలా? మార్కులు ఎంతకి తగ్గితే ఆపేస్తారు? మూడేళ్లకే డిగ్రీ తీసుకుని బయటికొచ్చేస్తే తీసుకున్నది వెనక్కి కట్టాలా? ఈ చివరి ప్రశ్న నీకు మరీ ముఖ్యం. ‘ఆనర్స్ విద్యార్థులకి’ అని రాసుకున్నారు కాబట్టి, మధ్యలో వదిలిన వాళ్ల సంగతి ఏమిటో ముందే తెలుసుకోవాలి.

స్కాలర్‌షిప్ అన్న పేరున్నంత మాత్రాన ప్రతిదీ ఉచితం కాదని కూడా గుర్తుపెట్టుకో. మన దేశంలో పేరున్న జె.ఎన్. టాటా ఎండోమెంట్ 1892 నుంచీ విదేశీ చదువులకి సాయం చేస్తోంది. దాన్ని లోన్ స్కాలర్‌షిప్ అనే పిలుస్తారు, తర్వాత తిరిగి కట్టాలి. వాళ్లు దాచిపెట్టింది ఏమీ లేదు, స్పష్టంగా చెప్పే ఇస్తారు. చదవకుండా సంతకం పెట్టేవాళ్లదే పొరపాటు.

డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా కనుక్కో, ఎందుకంటే వచ్చే ఏడాది వస్తుందా రాదా అన్నది దాని మీదే ఆధారపడుతుంది. ఇలాంటివి రెండు రకాలు. మొదటి రకంలో దాత ఒక మొత్తం కాలేజీ పేరునో పూర్వ విద్యార్థుల సంఘం పేరునో డిపాజిట్ చేస్తారు. అసలు ముట్టుకోరు, వడ్డీ మాత్రం పంచుతారు. ఏటా 25 వేలు రావాలంటే 7 శాతం వడ్డీకి దాదాపు 3 లక్షల 60 వేలు బ్యాంకులో ఉండాలి. వడ్డీ 6 శాతానికి పడిందనుకో, అదే అసలు మీద వచ్చేది 21,600. ఆ తేడా ఎవరు భరిస్తారు? దాతని అడుగుతారా, నీకిచ్చేది తగ్గిస్తారా? పాత కాలేజీల వార్షికోత్సవాల్లో స్మారక బహుమతి అని పిలిచి చేతిలో చిన్న కవరు పెట్టడం చూసే ఉంటావు. ఎప్పుడో ఎవరో వేసిన కొద్దిపాటి డిపాజిట్ వడ్డీ అది. ఆ రోజుల్లో దాంతో ఏడాది పుస్తకాలు వచ్చేవి, ఇప్పుడు ఒక ల్యాబ్ రికార్డు వస్తే గొప్ప. అమెరికా విశ్వవిద్యాలయాలు ఈ చిక్కుని ఇంకోలా చూసుకుంటాయి. అక్కడ ఆనర్స్ కాలేజీలకి దాతలిచ్చిన నిధిలోంచి ఏటా నాలుగైదు శాతమే ఖర్చుపెట్టి, మిగతా రాబడిని అసల్లో కలుపుతారు. ధరలు పెరిగేకొద్దీ స్కాలర్‌షిప్ కూడా పెరగాలని. మన కాలేజీ కమిటీల్లో ఆ ముందుచూపు అంతగా కనపడదు.

రెండో రకంలో డిపాజిట్ అంటూ ఏమీ ఉండదు. దాత ఏటా పంపిస్తారు, వీళ్లు పంచుతారు. ఆయన ఉద్యోగం మారినా మనసు మారినా ఆగిపోతుంది. నీది ఈ రకమైతే ఈ ఏడాది పాతికవేలు తీసుకో, వచ్చే ఏడాదిది మాత్రం లెక్కలో వేసుకోకు.

తర్వాత రీయింబర్స్‌మెంట్ సంగతి. ఒక సాయం తీసుకుంటే ఇంకోటి పోతుందా అన్న భయం చాలామందిలో ఉంది, అది ఊరికే పుట్టింది కాదు. ఇంటర్ మార్కుల మీద కేంద్ర ప్రభుత్వం డిగ్రీలో ఏడాదికి 12 వేలు ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది కదా, దాని నిబంధనల్లోనే వేరే స్కాలర్‌షిప్ గానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ పొందేవాళ్లు అర్హులు కారని ఉంది. దాతలు పెట్టినవాటిలో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. కొందరు అసలు పట్టించుకోరు. కొందరు ‘ఫీజు ప్రభుత్వం కడుతోంది కాబట్టి పుస్తకాలకీ ప్రయాణానికీ మాత్రం’ అంటారు. దరఖాస్తులో ఆ గడి ఉంటే ‘రీయింబర్స్‌మెంట్ ఉంది’ అనే నింపు. దాచి తీసుకున్న డబ్బు బయటపడితే పోయేది స్కాలర్‌షిప్ ఒక్కటే కాదు, రేపు నీకు సిఫార్సు ఉత్తరం రాయాల్సిన లెక్చరర్ల దగ్గర నమ్మకం కూడా పోతుంది. కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్పుల గుమస్తాగారు ఉంటారు, రెండూ కలిపి తీసుకోవచ్చా అని ఆయన్ని అడిగి, ఆయన చెప్పింది నోటీసులో గానీ మెయిల్లో గానీ రాతలో ఉండేలా చూసుకో. ఆదాయపు పన్ను గురించి దిగులు వద్దు. చదువు ఖర్చుకని ఇచ్చే స్కాలర్‌షిప్ మీద పన్ను ఉండదు.

దాతగారి చుట్టం విషయంలో తటపటాయించాల్సింది ఏమీ లేదు. ‘కాలేజీలో ఇచ్చేశానండి, మీకు శ్రమ వద్దు’ అని మర్యాదగా చెప్పించు. నిజానికి ఇలాంటి డబ్బుల్లో దాతకే ఫలానా పిల్లకి ఇవ్వండి అనే వీలు అంతగా ఉండదు, ఇక చుట్టానికి ఎక్కడ ఉంటుంది? మన దగ్గర అందరూ 80జీ అనే పన్ను మినహాయింపు నమోదైన ట్రస్టుకిచ్చిన విరాళానికే వస్తుంది, ఒక మనిషి చేతికిచ్చిన డబ్బుకి రాదు. అమెరికాలో కూడా విద్యార్థి పేరు చెప్పి ఇస్తే పన్ను తగ్గింపు దొరకదు. ఎంపిక కమిటీ చేతికి వెళ్లడానికి ఇదొక కారణం. ఆయన ఇప్పటికి మాటసాయమే అంటున్నారు. రేపు ‘ఖర్చులుంటాయి’ అన్నా, ఇంకెవరైనా ఫోన్ చేసి ప్రాసెసింగ్ ఫీజు అన్నా, ఓటీపీ అడిగినా, అక్కడితో మాట ఆపేయ్.

ఇక ఆ ఒక్క పేజీ. ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దీని మీదే. ఇలాంటి కమిటీల్లో నేనూ కూర్చున్నాను. కట్టలో సగానికి పైగా కాగితాలు ఒకే చేత్తో రాసినట్టుంటాయి. ‘మాది నిరుపేద కుటుంబం. రెక్కాడితే గాని డొక్కాడదు. తమరు దయతలచి సహాయం చేసినచో మీ రుణం జన్మజన్మలకీ తీర్చుకోలేను.’ రాసిన పిల్ల ఎవరో, ఏ ఊరో, ఏం చదువుతోందో తెలీదు. పాపం అబద్ధమేం కాదు, అంతా నిజమే. కానీ చదివేవాడి కళ్ల ముందు ఏదీ కట్టదు, కట్టలో తర్వాతి కాగితం తిప్పేస్తాడు. నీకు సిగ్గేస్తోంది అన్నావు చూడు, ఈ రకం వాక్యాలు రాయాలనుకోవడం వల్లే. వాటి జోలికి వెళ్లకు. పేదరికం అన్న మాటే వాడక్కర్లేదు. జరుగుతున్నది జరుగుతున్నట్టు రాయి. ఇదిగో, ఇలా:

‘నాన్నగారు రెండెకరాలు కౌలుకి చేస్తారు. దాళ్వాకి నీళ్లు సరిగా అందని ఏడాది కౌలు పోగా మాకు తిండిగింజలే మిగులుతాయి. అమ్మ లేసు అల్లిన డబ్బు నా బస్సు పాసుకీ పరీక్ష ఫీజుకీ సరిపోతుంది. రోజూ పంటు దాటి కాలేజీకి వస్తాను. మధ్యాహ్నం ప్రాక్టికల్స్ ఉన్న రోజు ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. చదువుకునే సమయం పంటు మీదా, బస్సులోనూ దొరికిందే. అయిదో సెమిస్టర్ నుంచి ప్రాజెక్టు పని ఉంది, దానికి కంప్యూటర్ కావాలి. ఇప్పుడు ఫోన్‌లోనే చేస్తున్నాను.’

ఇందులో నీవి కాని సంగతులు ఉంటే తీసేసి నీవి పెట్టు. నేను చూపించింది రాసే తీరు మాత్రమే. గమనించావా, ఎక్కడా ఎవర్నీ బతిమాలలేదు. కానీ చదివినవాడికి ఆ పిల్ల రోజు ఎలా గడుస్తుందో తెలిసిపోతుంది. ఇది రాశాక మీ నాన్నగారికి చదివి వినిపించు. ఆయన అభ్యంతరం సగం అక్కడే తీరుతుందని నా నమ్మకం. ఏదైనా వాక్యం దగ్గర ఆయన ముఖం మారితే అది కొట్టేయ్, ఇంటి గుట్టు ఎంతవరకు చెప్పాలో తేల్చే హక్కు ఆయనకుంది.

‘మీ లక్ష్యం’ అన్న చోట ఐఏఎస్ అవుతాను, సమాజసేవ చేస్తాను అని రాయకు. నిజంగా కావాలనుకుంటే తప్పులేదు గానీ కెమిస్ట్రీ ఆనర్స్ స్కాలర్‌షిప్ అడుగుతూ కెమిస్ట్రీ ఊసే లేకపోతే ఎలా? మీ వైపు రొయ్యల చెరువులొచ్చాక బోరు నీళ్లు ఉప్పెక్కుతున్నాయని ఎవర్ని కదిపినా అంటారు. అది ఎంతవరకు నిజమో కొలిచి చూడగల చదువు నీ చేతిలో ఉంది. సిల్వర్ నైట్రేట్‌తో క్లోరైడ్ టైట్రేషన్ ల్యాబ్‌లో చేసే ఉంటావు, పొటాషియం క్రోమేట్ వేసిన పసుపు ద్రావణం ఇటుక ఎరుపుకి తిరిగే చుక్క దగ్గర ఆపాలి కదా, అదే. తాగునీటిలో క్లోరైడ్ లీటరుకి 250 మిల్లీగ్రాముల లోపు ఉండాలని భారత ప్రమాణం, వేరే నీళ్లు దొరకని చోట 1000 దాకా ఒప్పుకుంటారు. మీ ఊళ్లో ఓ పది ఇళ్ల బోరు నీళ్లు సార్వా అంటే వానాకాలం పంట రోజుల్లో ఒకసారి, ఎండాకాలం కాలవలకి నీళ్లు ఆపేశాక ఒకసారి సీసాల్లో పట్టి చూస్తాను, రెండిటికీ తేడా లెక్కకడతాను అని రాస్తే అదొక లక్ష్యం. చిన్నదే. కానీ అది నువ్వు చెయ్యగలవని కమిటీలో కూర్చున్న కెమిస్ట్రీ లెక్చరర్‌కి వెంటనే తెలుస్తుంది. ఇంకేదైనా నీ మనసులో ఉంటే ఇంకా మంచిది. ఎవరో చెప్పింది రాయడం కంటే నీకు దురద పెట్టే ప్రశ్న రాయడమే మేలు.

చివర్లో పాతికవేలు దేనికి ఖర్చుపెడతావో నాలుగు లైన్లలో అంకెలతో వెయ్యి. పాత ల్యాప్‌టాప్‌కి ఇంత, పుస్తకాలకీ రికార్డులకీ ఇంత, ప్రయాణానికి ఇంత, పరీక్ష ఫీజుకి ఇంత. అడగకపోయినా వెయ్యి. డబ్బు ఇచ్చేవాళ్లకి లెక్క చూస్తే ఉండే నిశ్చింత ఇంకెందులోనూ ఉండదు.

పేజీ ఎంత బాగా రాసినా కాగితాల దగ్గర తేడా వస్తే పని ఆగిపోతుంది. ఆదాయ ధ్రువీకరణ పత్రం, స్టడీ సర్టిఫికెట్, మార్కుల మెమోలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు ఎలాగూ అడుగుతారు. ఎక్కువమంది ఇరుక్కునేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, పాస్‌బుక్‌లో అసలు లేకుండా ఉంటుంది. నీవి మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడు. తేడా ఉంటే మెమో ప్రకారం ఆధార్ మార్పించు, బ్యాంకులో దాని ప్రకారం సరిచేయించు. మారడానికి రోజులు పడుతుంది కాబట్టి ఈ పని రేపే మొదలుపెట్టు. ఆ ఖాతా పనిచేస్తోందో లేదో కూడా చూసుకో. ఎప్పుడో స్కూల్లో తెరిచిన ఖాతాలు చాలా కాలం వాడకపోతే నిద్రపోతాయి, చెక్కు వేశాక తెలుస్తుంది. ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాకి ఆధార్‌తో ఎన్‌పీసీఐ లింకు ఉంటే అందులోకి వెళ్తుంది, దాతల డబ్బు మాత్రం నువ్వు రాసిచ్చిన ఖాతాలోకి వెళ్తుంది. రెండూ వేర్వేరు బ్యాంకులైతే డబ్బు రాలేదని ఒక పాస్‌బుక్ పట్టుకుని కంగారుపడకు.

నాలుగో ఏడు గురించి. మూడేళ్లకి 120 క్రెడిట్లతో డిగ్రీ, నాలుగేళ్లకి 160 క్రెడిట్లతో ఆనర్స్ డిగ్రీ. మూడేళ్లతో ఆపితే ఎమ్మెస్సీ రెండేళ్లు. నాలుగేళ్లు చదివితే యూజీసీ కొత్త నిబంధనల్లో ఒక్క ఏడాది ఎమ్మెస్సీకి వీలుంది. ఎటు వెళ్లినా మొత్తం అయిదేళ్లే, కాబట్టి కాలం వృథా అన్న దిగులు అక్కర్లేదు. తేడా ఎక్కడంటే, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం దాటినవాళ్లు నాలుగో ఏడాదిలో పరిశోధనతో కూడిన ఆనర్స్ తీసుకోవచ్చు. 75 శాతంతో నాలుగేళ్ల డిగ్రీ ఉంటే ఎమ్మెస్సీ లేకుండానే యూజీసీ వాళ్ల అర్హత పరీక్ష నెట్ రాయొచ్చు, పీహెచ్‌డీకి వెళ్లొచ్చు. అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకి 37 వేలు. నీ 81 శాతం ఆ 75 శాతం అర్హతకి సరిపోతుంది.

అయితే ఇదంతా కాగితం మీద లెక్క. నాలుగో ఏడు నడపడానికి మీ కాలేజీలో మనుషులున్నారా, ల్యాబ్ ఉందా, నీకు గైడ్‌గా ఉండే పీహెచ్‌డీ ఉన్న లెక్చరర్ ఉన్నారా అన్నది చూడాలి. ఊరికే నాలుగో ఏడు పేరు చెప్పి క్లాసులో కూర్చోబెట్టేటట్టయితే నా ఓటు మూడేళ్లతో ఆపి పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాసి మంచి చోట ఎమ్మెస్సీలో చేరడానికే. నిన్ను ఒక ఏడాది పాటు ల్యాబ్‌లో పని చేయించే మేడమో సారో ఉంటే మాత్రం నాలుగో ఏడే మంచిది. నాలుగో ఏటికి రీయింబర్స్‌మెంట్ సంగతి ఏమిటో కూడా ఆఫీసులో అడిగాకే తేల్చుకో. టీచర్ కావాలని ఉంటే మూడేళ్ల డిగ్రీతో బీఈడీకి వెళ్లిపోవచ్చు, ఆనర్స్ అక్కర్లేదు. స్కాలర్‌షిప్ వస్తోంది కదా అని మాత్రం నాలుగో ఏడులో చేరకు. పాతికవేల కోసం ఒక ఏడాది దారి మార్చుకోకూడదు.

స్టేజీ గురించి నీ భయం నాకు అర్థమైంది. చెక్కు తీసుకుని నమస్కారం పెట్టి దిగిపోవడంలో తప్పేమీ లేదు, ర్యాంకు వస్తే మెడల్ తీసుకోమా? ఫ్లెక్సీ మీద నీ ఫొటో వేసి కింద ‘నిరుపేద విద్యార్థినికి ఆర్థిక సహాయం’ అని రాస్తే మాత్రం అది మర్యాద కాదు. ముందుగానే ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి వెళ్లి, ‘ఆనర్స్ స్కాలర్‌షిప్ అని వెయ్యించండి సార్, పరిస్థితి గురించి వద్దు’ అని అడుగు. సాధారణంగా ఒప్పుకుంటారు. పెద్దాయన అమ్మగారి జ్ఞాపకార్థం పెట్టిన చోట, ఆవిడ ఫొటో పెద్దగా వేస్తే ఆయనకీ అదే తృప్తి.

దాతకి ఉత్తరం రాయడం అమెరికాలో మామూలే. అక్కడి విశ్వవిద్యాలయాలు స్కాలర్‌షిప్ అందుకున్న పిల్లల చేత దాతలకి ఉత్తరాలు రాయిస్తాయి, ఈయన కూడా ఆ అలవాటుతోనే అడిగి ఉంటారు. పొగడ్తలు వద్దు. ఎవరు నువ్వు, ఈ సెమిస్టర్‌లో ఏం నేర్చుకున్నావు, డబ్బు దేనికి వాడావు, అంతే. ‘మీ అమ్మగారి పేరు మీద వచ్చిన డబ్బుతో కొన్న ల్యాప్‌టాప్ మీదే ఈ ఉత్తరం టైప్ చేస్తున్నానండి’ అన్న ఒక్క వాక్యం చాలు ఆయనకి. ఆర్నెల్లకి ఇంకో నాలుగు లైన్లు రాయి, అడక్కపోయినా. ఉత్తరాలు మాత్రం కాలేజీ ద్వారానే వెళ్లాలి. నీ ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్ ఇవ్వకు, విడిగా వాట్సాప్‌లో మాట్లాడమంటే ‘మా కాలేజీ మెయిల్‌కి రాయండి సార్’ అను. దాత ఎంత పెద్దమనిషి అయినా సరే. ఆడపిల్లవి కాబట్టి ఒకసారి చెప్తే సరిపోయేది రెండుసార్లు చెప్తున్నాను.

ఇదొక్కటే నమ్ముకుని కూర్చోకు. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు పరివర్తన్ స్కాలర్‌షిప్ మామూలు డిగ్రీ వాళ్లకీ ఉంటుంది, కిందటి పరీక్షలో 55 శాతం, ఇంటి ఆదాయం రెండున్నర లక్షల లోపు చూస్తారు. రిలయన్స్ ఫౌండేషన్‌ది మొదటి ఏడాది వాళ్లకే, నీకు దాటిపోయింది. మీ జూనియర్లకి చెప్పు, డిగ్రీ మొత్తానికి 2 లక్షల దాకా వస్తుంది. ఫౌండేషన్ ఫర్ ఎక్సలెన్స్ ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి కోర్సులకి, బీఎస్సీకి కాదు. మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్ అని ఇంకోటి ఉంది, రెండు నెలలు పెద్ద ల్యాబ్‌లో పని, చేతికి స్టైపెండ్. దరఖాస్తులు వేసవికి చాలా ముందే తీసుకుంటారు. అర్హత చూసుకుని మీ లెక్చరర్ చేత సిఫార్సు రాయించుకో.

మీ తమ్ముడి సంగతి నువ్వు అడగలేదు గానీ చెప్తాను. సరోజినీ దామోదరన్ ఫౌండేషన్ వాళ్ల విద్యాధన్ స్కాలర్‌షిప్ పదో తరగతి పాసైన వెంటనే పెట్టుకోవాలి, మన రాష్ట్రంలోనూ ఇస్తారు. మార్కులు 90 శాతం దాటాలి, ఇంటి ఆదాయం ఏడాదికి 2 లక్షల లోపు ఉండాలి, రాత పరీక్షా ఇంటర్వ్యూ ఉంటాయి. ఇంటర్ రెండేళ్లూ బాగా చదివితే డిగ్రీకి కూడా కొనసాగిస్తారు. ఫలితాలు వచ్చాక చూద్దాంలే అనుకుంటే గడువు అయిపోతుంది, నీ కోసం ఆదాయ పత్రం తీసుకోవడానికి మీ ఊరి సచివాలయానికి వెళ్లినప్పుడే వాడి ఆధార్‌లో పేరు కూడా సరిచూయించు.